పెద్దచేతి రాజుగారి జాన

శంఖినీ నది గడ్డకట్టి అప్పటికి మూడు నెలలు దాటింది. తుషారపురం కోట బురుజుల మీద నుంచి చూస్తే ఏరు ఏరులా లేదు. ఎవరో మహాకాయుడు తెల్లని పట్టుచీరను కొండల నడుమ పరిచి, మడతలు సరిచేయకుండానే వెళ్ళిపోయినట్టుంది. పొద్దుటి ఎండ పడితే ఆ మడతల్లో నీలం, గులాబి, దానిమ్మ గింజ రంగు మెరిసేవి. దూరదేశపు వర్తకులు చూసి చేతులు జోడించేవారు. ఒడ్డున ఉన్న రేవుపేట వాళ్ళు మాత్రం జోడించేవారు కాదు. ఆ అందం కింద ఏముందో వాళ్ళకు తెలుసు.

మాచనకు అందరికన్నా ఎక్కువ తెలుసు. అతను నదికాపు. రోజూ మంచుకు చిల్లు పెట్టి, జానకొక గంటు ఉన్న జానకోల దించి, ఎంత మందం పేరుకుందో కోటకు చెప్పడం వాళ్ళ వంశం పని. శంఖిని దక్షిణపు కొండల్లో పుట్టి ఉత్తరానికి పారుతుంది. అందుకే మాఘం వెళ్ళేసరికి పుట్టినచోట ముందు కరుగుతుంది. తుషారపురం దగ్గర ఇంకా రాయిలాగే ఉంటుంది. పైనుంచి విరిగి వచ్చే పలకలు ఊరి దిగువన రెండు రాతిగుండ్ల సందులో ఇరుక్కుంటే ఇక నీటికి దారి ఉండదు. వెనక్కి తిరిగి ఊరి మీదికి వస్తుంది. మృణాళినీ మహారాణి కాలంలో రేవు మెట్ల దగ్గర చెక్కించిన శాసనం చెప్పేది ఆ సంగతే: "మంచు ఏడు జానలు దాటితే రేవుపేట ఖాళీ చేయాలి."

ఈసారి మంచు ఐదు జానలే. మాచన స్వయంగా కొలిచాడు. ఆ ధైర్యంతోనే భార్య చెంగల్వను పురిటికి రేవుపేటలో ఆమె తల్లి ఇంటికి పంపాడు.

తొమ్మిదో రోజున బిడ్డను చూడటానికి వచ్చాడు. గడప దాటనివ్వలేదు చెంగల్వ తల్లి, అతని మేనత్త పేరిందేవి.

"అక్కడే నిలబడి చూడు. పదకొండో నాడు స్నానమయ్యాక ఎత్తుకుందువు గాని. ఏటి గాలి మోసుకొచ్చావు ఒంటినిండా."

మాచన గుమ్మంలో నిలబడి తొంగిచూశాడు. కుంపట్లో సాంబ్రాణి పొగ. పొగలో చెంగల్వ నవ్వు. ఆమె పక్కన గుప్పెడంత ముఖం. పైన దండెం మీద బిడ్డ గుడ్డలు వరసగా ఆరేసి ఉన్నాయి. అతని చూపు ఆ గుడ్డల మీంచి దండెం మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. దండేనికి గంట్లు ఉన్నాయి.

"అత్తా, ఈ కర్ర ఎక్కడిది?"

"మీ నాన్నదేరా. కొత్తరాజు పట్టాభిషేకం నాడు పాత జానకోలలన్నీ మంటలో వెయ్యమన్నారు కదా. నల్లచేవ కర్ర, చెయ్యెలా వస్తుంది? చీర చుట్టి తెచ్చుకున్నా."

ఆ రాజ్యంలో అదొక ఆచారం. కొత్త రాజు సింహాసనం ఎక్కిన రోజున అరచేతికి చందనం పూసి పీటమీద అద్దుతాడు. బొటనవేలి నుంచి చిటికెనవేలి వరకు ఎంతుంటే రాజ్యానికంతటికీ అదే జాన. వడ్రంగులూ, సాలెవారూ, నదికాపులూ ఆ కొలతకు కొత్త కోలలు చేయించుకుంటారు. మృణాళినీ మహారాణిది తామరమొగ్గలాంటి చెయ్యి. ఆమె మనవడు వజ్రబాహుడిది తాటాకంత చెయ్యి. మొన్న ఆశ్వయుజంలో అతను పట్టాభిషిక్తుడైనప్పుడు, పాత లెక్కన గుడ్డ కొన్నవాళ్ళ పావడాలన్నీ నేల ఊడ్చాయి. ఊరంతా నవ్వుకున్నారు. మాచన కూడా నవ్వాడు.

ఇప్పుడు నవ్వు రాలేదు. చంకలోని కొత్త కోల తీసి గుమ్మంలోంచే చెయ్యి చాచి దండెం పక్కన పెట్టాడు. పాత జానలు పది వచ్చిన చోట కొత్తవి ఏడు వచ్చాయి. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఏడే.

ఐదు జానల మంచు మహారాణి చేత్తో కొలిస్తే ఏడు దాటింది. కోల మారింది. రాతిమీద అంకె మారలేదు. మూడు నెలలుగా రోజూ కొలిచిన తనకు ఆ ముక్క తట్టలేదు.

"అత్తా, బిడ్డనూ చెంగల్వనూ తీసుకుని ఇప్పుడే కొండెక్కాలి."

పేరిందేవి చేతిలోని సాంబ్రాణి పళ్ళెం కింద పెట్టింది. ఆమె గొంతు పెంచలేదు.

"పోయినేడూ ఇలాగే వచ్చావు. ఏడున్నర జానలు, ఇక వరదే అన్నావు. పేటంతా కొండెక్కాం. మూడు రోజులు కూర్చున్నాం. వరద రాలేదు. అందరం దిగాం, మీ మామ దిగలేదు. ఆ చలికి అక్కడే కట్టెయిపోయాడు. గుర్తుందా?"

"ఆ యేడు ఎండ మెల్లమెల్లగా కాసిందత్తా. వాన పడలేదు. మంచు ఉన్నచోటే కరిగిపోయింది. అది మన అదృష్టం. ప్రతియేడూ..."

"పచ్చి బాలింతను కొండెక్కించమంటావు. మీ మామను తీసుకున్న కొండే కదా. రాజుగారి చేత చాటింపు వేయించు, కదులుతాం. నీ మాటకు మాత్రం కదలను మాచా. నీకు అల్లుడి మర్యాద చేస్తాను, అన్నం పెడతాను. నీ మాట మాత్రం వినను."

లోపలి నుంచి చెంగల్వ అంది: "బావా, చాటింపు తీసుకురా. అమ్మ మాట తప్పదు."

మాచన దండేన్ని భుజాన వేసుకుని కోటకు పరుగెత్తాడు.

కోటలోని స్ఫటిక సభామండపం ఆ రోజు దీపం వెలిగించిన పాలగిన్నెలా ఉంది. నూట ఎనిమిది స్తంభాలకు మంచుపూల దండలు. పైకప్పు నిండా వెండి హంసలు. మధ్య సింహాసనం మీద, రెండు చేతులూ ఎప్పుడూ శాలువాలో దాచుకునే వజ్రబాహుడు. చిన్నప్పుడు తోటి రాజకుమారులు ఆ చేతుల్ని చేటలని ఎగతాళి చేసేవారు. ఆయన పక్కనే ఆస్థాన మాంత్రికుడు ఘూకాక్షుడు. అతని గుండ్రని కళ్ళు పగలు సగం మూసే ఉంటాయి. మెడలో గాజుపూసల మాల. ఒక్కో పూసలో ఆవిరిలాంటిదేదో మెల్లగా కదులుతూ ఉంటుంది.

"ప్రభూ, మంచు ఐదు జానలు కాదు. ఏడు దాటింది," అన్నాడు మాచన.

"నిన్న ఐదన్నావు కదరా."

"నిన్నటి ఐదూ ఇవాళ్టి ఏడూ ఒకటే ప్రభూ. జాన మారింది."

రాజు శాలువాలో చేతులు కదిలాయి.

"అంటే నా చెయ్యి తప్పా?"

"చెయ్యి తప్పు కాదు ప్రభూ. శాసనంలో అంకె నాయనమ్మగారి చేతిది. కోల ఏలినవారి చేతిది. రెండూ కలపకూడదు. కలిపిన మూర్ఖుణ్ణి నేనే. శిక్ష తర్వాత వేయండి. ముందు చాటింపు వేయించండి. రెండు గుండ్ల సందులో బూడిద చల్లనివ్వండి. పూర్వం మాఘమంతా చల్లేవాళ్ళం. నల్లటి గీత ఎండను పీల్చుకుని మంచును కోస్తుంది. పలకలకు దారి దొరుకుతుంది."

ఘూకాక్షుడు మెత్తగా నవ్వాడు. "నా శ్వేతయాగ స్థలంలో పొయ్యి బూడిద పోస్తాడట ప్రభూ. రెండేళ్ళ కిందట ఆ మైల నేనే మాన్పించాను. పోయినేడు వీడు ఏడున్నర అన్నాడు, రాలేదు. నిన్నటిదాకా ఐదన్నాడు. ఇవాళ ఏడంటున్నాడు. రేపు ఏలినవారి ముక్కు పొడుగు కొలుస్తానంటాడేమో."

సభలో నవ్వు పుట్టింది. రాజు ముఖం ఎర్రబడింది.

"వీడి నాలుక కోసి పంపండి. చేత్తో కొలవడం ఎలాగూ రాదు. నోటితో చెప్పే పని కూడా తప్పిపోతుంది."

భటులు నలుగురు కత్తులు దూశారు. మాచన వెనక్కి రెండడుగులు వేశాడు, ముందుకు నాలుగు పరుగెత్తాడు. పాత కోలను స్ఫటికపు నేలమీద గుచ్చి ఒంటిని గాలిలోకి విసిరాడు. భటుల తలలు దాటి, తెరిచి ఉన్న కిటికీ దాటి, రెండు నిలువుల కిందనున్న కందకం మంచుమీద పడ్డాడు. కోల మధ్యకు విరిగింది. ఐదు జానల ముక్క చేతిలో మిగిలింది. పైనుంచి బాణాలు కురిశాయి. వెల్లకిలా పడి, కాలితో కందకం గోడను తన్ని, నీటిమీద పరుగెత్తే పురుగులా జారుకుంటూ పోయాడు. చెవి పక్కన ఒక బాణం మంచులో దిగి వణికింది. కందకం చివర మురుగుతూము. అందులోంచి దూరి, దొర్లి, మెత్తటి గుట్టలోకి తలకిందులుగా కూరుకుపోయాడు.

"ఎవడ్రా నా బూడిదలో?"

చాకిరేవు జక్కమ్మ గొంతు అది. ఊళ్ళో ప్రతి ఇంటి పొయ్యి బూడిదా ఏడాది పొడుగునా ఆ ముసలమ్మ దగ్గరికే చేరుతుంది, బట్టలు ఉడకేయడానికి. మాచన పైకి లేచి తుమ్మాడు. జరిగిందంతా చెప్పాడు. ఆమె విరిగిన కోలను తడిమి చూసింది.

"మా అత్త కాలంలో మేమే చల్లేవాళ్ళం, ఆ సందులో. పదిరోజుల ఎండ కావాలి బిడ్డా. నీకెన్ని ఉన్నాయి?"

మాచన దక్షిణపు కొండల వైపు చూశాడు. శిఖరాల మీద తెలుపు చిరుగులు పడి ఉంది. గాలి గోరువెచ్చగా తగిలింది.

"రెండు."

"రెండు రోజుల ఎండకు కత్తిగాటు కూడా పడదు."

"తెలుసు."

జక్కమ్మ లేచి బూడిదలో మసి, బొగ్గుపొడి కలపడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం రెండు గుండ్ల సందులోకి ఒక జంగమదేవర వచ్చాడు. ఒళ్ళంతా విభూతి, నుదుట మూడు రేఖలు, చేతిలో గంట, భుజాలకు రెండు పెద్ద జోలెలు. జోలెల్లో పైన తెల్లని విభూతి. కింద నల్లని పొడి. అడుగున వేలు పట్టేంత చిల్లు. ఘూకాక్షుడు యాగానికి పాతించిన తెల్లజెండాల దగ్గర కాపలా ఉన్న భటుడు నమస్కరించి నుదురు చాచాడు. మాచన విభూతి పెట్టాడు. నాలుక కోయమన్నప్పుడు కత్తి దూసిన నలుగురిలో వాడొకడు.

"యాగం ఎప్పుడు నాయనా?"

"ఎల్లుండి దేవరా. మాంత్రికులవారు వేయి పూసల మాల పూర్తిచేస్తారట."

మాచన గంట వాయించుకుంటూ మంచుమీద అటునుంచి ఇటు నడిచాడు, ఇటునుంచి అటు నడిచాడు. అతని వెనక నల్లటి గీత పడుతూ వచ్చింది.

"దేవరా, నీ జోలె కారుతోంది."

"శివుడుండేదే వల్లకాడు. ఆయన జోలె బూడిద కాక పాలు కారుతుందా?"

భటుడు నవ్వి వేడి గంజి ఇచ్చాడు. మాచన తాగి మళ్ళీ నడిచాడు. చీకటి పడే వరకు, మర్నాడు పొద్దున్నుంచి పొద్దుగూకే వరకు. ఎండ కాసింది. గీతలు తడిశాయి. సాయంత్రానికి వేలు పెడితే మొదటి కణుపు వరకు మునిగింది. ఏడు జానల మందానికి ఒక్క కణుపు. మాచన ఆ వేలిని తీసి చాలాసేపు చూశాడు.

జక్కమ్మ కొత్త జోలెలు తెచ్చినప్పుడు విరిగిన కోలముక్కను ఆమె చేతికిచ్చాడు.

"అత్త ఇంటి చుట్టూ నాకోసం భటులున్నారు. నేను పోలేను. నువ్వు బట్టలకని వెళ్ళి ఇది అత్తకు చూపించు. అబద్ధమాడింది నేను కాదు, కోల అని చెప్పు. వాళ్ళు కదిలితే పొయ్యి ఆర్పేయమను. పేటలో చివరి ఇల్లది. పొగ ఇక్కడికి కనిపిస్తుంది. పొగ ఆగితే వెళ్ళిపోయారని అనుకుంటాను."

"ఆగకపోతే?"

మాచన జోలె సర్దుకున్నాడు.

పదకొండో రోజు తెల్లవారింది. ఎండ రాలేదు. దక్షిణాన ఆకాశం ఎనుబోతు వీపులా ఉంది. కొండలమీద వాన పడుతోంది. మంచుమీద వాన పడితే ఏరంతా ఒక్కసారిగా విరుగుతుందన్నది మాచన తండ్రి చెప్పిన మాటల్లో చివరిది. మాచన రేవుపేట వైపు చూశాడు. చివరి ఇంటి కప్పు మీద పొగ లేస్తోంది. పురిటి స్నానానికి నీళ్ళు కాస్తున్నారు.

అతను గంట పారేసి, ఒడ్డున దాచిన గునపం తీసుకున్నాడు. గీత వెంట పొడవడం మొదలుపెట్టాడు. పది పోట్లకు బెత్తెడు పెచ్చు లేచింది.

"నడుము నొప్పి పుడుతుంది, జంగమదేవరా."

ఘూకాక్షుడు తెల్లజెండాల మధ్య నిలబడి ఉన్నాడు. మబ్బు వెలుతురులో అతని కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. అతను అరచేతిలోకి ఊదాడు. గుప్పెడు మంచుపొడి లేచి, సుడి తిరిగి, గీతలన్నిటి మీదా దూదిలా పరుచుకుంది. రెండు రోజుల నలుపు రెండు రెప్పపాట్లలో తెల్లబడిపోయింది. మాచన గునపం ఎత్తి అతని మీదికి దూకాడు. మాంత్రికుడు చూపుడువేలు కిందికి చూపించాడు. మాచన పాదాలు మంచులోకి చీలమండల దాకా దిగి అతుక్కుపోయాయి. గునపం చెయ్యి జారింది.

"ఈ వరద నువ్వే తెప్పిస్తున్నావా?" అన్నాడు మాచన.

"వరద తెప్పించడం నాకు చేతకాదురా. అది నదికే చేతనవును. వరద వస్తుందని తెలిసినవాడి నోరు మూయించడం నాకు చేతనవును. నీ విషయంలో ఆ అవసరం కూడా లేకపోయింది. ఐదని నువ్వే చెప్పావు." అతను మాల ఎత్తి చూపించాడు. "ఒక్కో పూసలో ఒక్కో ఆఖరి ఊపిరి. ఇంకా మూడువందల నలభై కావాలి. వేయి నిండితే నాకు చావు లేదు. రేవుపేటలో ఎంతమంది?"

మాచనకు లెక్క తెలుసు.

అప్పుడు వినిపించింది. ఎక్కడో దక్షిణాన, పెద్ద గుడ్డ చించినట్టు ఒక చప్పుడు. తర్వాత ఇంకొకటి, దగ్గరగా. ఆ తర్వాత చప్పుళ్ళన్నీ కలిసిపోయి నేల అరిచినట్టయింది. నది మలుపు దగ్గర తెల్లని గోడ ఒకటి లేచి కదిలి వచ్చింది. ఇళ్ళంత పలకలు ఒకదానిమీదొకటి ఎక్కుతూ, పడుతూ, పచ్చని అంచులు చూపిస్తూ వచ్చాయి. భటులు జెండాలు వదిలి పరుగెత్తారు. ఘూకాక్షుడు గుడ్లగూబై ఎగిరిపోయి ఎడమ గుండు మీద వాలాడు. మాల అతని మెడలో ఊగింది.

మొదటి పలక మాచనకు బారెడు పక్కనుంచి దూసుకుపోయి, అతనికి దిగువన సందులో ఇరుక్కుంది. రెండోది దానిమీద నిలబడింది. పదో, పాతికో వచ్చి చేరేసరికి రెండు గుండ్ల మధ్య కొండ కట్టింది. నీళ్ళు దాన్ని గుద్దాయి, ఆగాయి, ఒకసారి చుట్టూ తిరిగాయి. తర్వాత వెనక్కి మళ్ళాయి.

మాచన పక్కనున్న గుండు మీద నీళ్ళు ఎక్కుతున్నాయి. అలవాటు చొప్పున అతని చెయ్యి చాచుకుంది. ఒక జాన. రెండు. మూడు. ఎవరి జాన అని అడిగేవాళ్ళు లేరు.

అతను ఒడ్డువైపు చూశాడు. రేవు మెట్లు మునిగాయి. శాసనం రాయి మునిగింది. చివరి ఇంటి కప్పు మీద పొగ నిటారుగా, నిదానంగా లేస్తూనే ఉంది.

"ఆర్పేయ్ అత్తా," అన్నాడు. ఆ హోరులో తన గొంతు తనకే వినిపించలేదు.

కాళ్ళకింద సన్నగా చిట్లిన చప్పుడయింది. కొత్తమంచు కప్పిన చోట ఒక గీత లేచింది, తిన్నగా, తను రెండు రోజులు నడిచిన దారినే. బూడిద దించిన ఆ ఒక్క కణుపు చాలింది. తను నిలబడ్డ మేర, నాలుగు మంచాలంత పలక, గీత వెంట విడివడి పైకి తేలింది. ఊరిని కాపాడటానికి గీసిన గీత ఊరిని కాపాడలేదు. దాన్ని గీసినవాణ్ణి మాత్రం నదినుంచి కోసి ఇచ్చింది.

పలక ఒరిగింది, తిరిగింది. మాంత్రికుడు అతికించిన పాదాలు అతికించినట్టే ఉన్నాయి కనుక మాచన పడలేదు. వెనక్కి మళ్ళిన నది ఆ పలకను ఎత్తుకుని రేవుపేట వైపు పరుగుతీసింది. గుండు మీద గుడ్లగూబ రెక్కలు విప్పి వెంట లేచింది.

మాచన పాదాలు విడిపించుకోవడానికి వంగి, కాళ్ళ దగ్గర పడి ఉన్న గునపాన్ని వేళ్ళ చివరలతో అందుకున్నాడు. ఎదురుగా పొగ దగ్గరవుతోంది. దాని కింద గుమ్మం, గుమ్మంలో మోకాళ్ళ లోతు నీళ్ళు, నీళ్ళలో తేలుతున్న సాంబ్రాణి పళ్ళెం. లోపల ఎవరైనా ఉన్నారో లేదో పొగలో కనిపించడం లేదు.